గోదావరి నీటిస్థితి, మత్స్యసంచారం

నది సముద్రంలో కలిసేచోట మంచినీరూ ఉప్పునీరూ మిళితమై, ఆటుపోట్లకు లోబడి ఉండే జలభాగాన్ని నదీముఖద్వారం అంటారు. గోదావరికి అటువంటి ముఖద్వారం యానాం, కోరంగి ప్రాంతాల దిగువన ఉంది. ఆర్మూరుకు ఉత్తరాన పోచంపాడు వద్ద అదే గోదావరి శ్రీరాంసాగర్ ఆనకట్ట వెనుక జలాశయమై నిలుస్తుంది. ఈ రెండింటికీ నడుమ వందల కిలోమీటర్ల దూరం ఉన్నప్పటికీ, రెండు చోట్లా చేప వలలో పడటానికీ పడకపోవడానికీ కారణమయ్యే భౌతిక నియమాలు ఒక్కటే. ఆ నియమాలను పై భాగంలోనూ చివరి భాగంలోనూ కలిపి పరిశీలించినప్పుడే నది మనకు సంపూర్ణంగా అర్థమవుతుంది.

మొదట గ్రహించవలసిన సూత్రమిది: వాతావరణం చేపపై ప్రధానంగా నీటి ద్వారానే పనిచేస్తుంది. గాలి, ఎండ, వాన, మబ్బు నీటి గుణాలను మారుస్తాయి. చేప ఆ గుణాలకు స్పందిస్తుంది. వాటిలో ముఖ్యమైనవి లవణీయత, ఉష్ణోగ్రత, ద్రావిత ప్రాణవాయువు, ఆవిలత, నీటిమట్టం. నీటిలో కరిగిన లవణాల పరిమాణం లవణీయత. తేలియాడే మట్టి రేణువుల వలన కలిగే మసక ఆవిలత. వాన ముందు గాలిపీడనం తగ్గడం వల్లనే చేపలు కదులుతాయని చాలామంది నమ్ముతారు. అయితే పీడనంలో ఒక హెక్టోపాస్కల్ మార్పు సుమారు ఒక సెంటీమీటరు నీటి లోతుకు సమానం. సాధారణ దినాలలో కలిగే కొద్ది హెక్టోపాస్కళ్ల మార్పును చేప జానెడు కిందికి దిగినప్పుడే అనుభవిస్తుంది. కనుక పీడనం కన్నా, దానితో కలిసి వచ్చే గాలినీ మబ్బునూ కొత్తనీటినీ కారణాలుగా భావించడమే యుక్తమని నా అభిప్రాయం.

ముఖద్వారంలో అన్నిటికన్నా ప్రబలమైనది లవణీయత. సముద్రజలంలో కిలోగ్రాముకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. నదీజలంలో అవి నామమాత్రం. ఉప్పునీరు బరువైనది గనుక నదీప్రవాహం తగ్గిన కాలంలో మంచినీటి అడుగున చీలిక ఆకారంలో నదిలోకి చొచ్చుకువస్తుంది. అందుచేత ఒకే చోట పైపొరలో నదిచేపా అడుగుపొరలో సముద్రచేపా దొరకడం సంభవం. వలను ఎంత లోతున దించామన్నది అక్కడ నిర్ణాయకమవుతుంది. నైరుతి ఋతుపవన వరద ఉద్ధృతమైనప్పుడు గోదావరి పాయ అయిన గౌతమి ముఖం దాదాపు పూర్తిగా మంచినీరై పోతుంది; వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీటి విడుదల సన్నగిల్లి, ఉప్పు లోపలికి వ్యాపిస్తుంది.

ఈ మార్పును జీవులు ఎలా తట్టుకుంటాయి? మంచినీటి చేప దేహంలోకి ద్రవాభిసరణ వలన నీరు నిరంతరం చేరుతుంది, దానిని అది పలుచని మూత్రంగా వెలువరిస్తుంది. సముద్రచేప నీటిని కోల్పోతూ ఉంటుంది గనుక సముద్రజలాన్ని తాగి, అధిక లవణాలను మొప్పల ద్వారా విసర్జిస్తుంది. ఈ రెండు విధానాలనూ అవసరాన్ని బట్టి మార్చుకోగల వాటిని విశాల లవణసహిష్ణువులనీ, మార్చుకోలేని వాటిని సంకుచిత లవణసహిష్ణువులనీ వర్గీకరిస్తారు. పులస మొదటి వర్గానికి చెందినది. జులై మొదలు సెప్టెంబరు వరకు వరదనీరు సముద్రంలోకి చొరబడే కాలంలో అది గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. పండుగప్ప నడక ఇందుకు విరుద్ధం: అది మంచినీటిలో పెరిగి, సంతానం కోసం ఉప్పునీటికి దిగుతుంది. కాటన్ నిర్మింపజేసిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటినుంచి పులస ఎదురీతకు అక్కడ అడ్డు ఏర్పడింది.

ముఖద్వారంలో మరొక నియంత్రకం ఆటుపోట్లు. మన తూర్పు తీరంలో ఒక పోటు నుంచి మరొక పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. పౌర్ణమి, అమావాస్యల దరిదాపుల పోటు పెద్దది. పోటునీటితో చేపలు మడ అడవుల కాలువల్లోకి మేతకు చేరి, నీరు తీసేటప్పుడు తిరిగి వెలుపలికి వస్తాయి. కాలువలకు అడ్డంగా కట్టే సంచివలలకు అదే సమయం.

పోచంపాడు వద్ద ఉప్పూ లేదు, పోటూ లేదు. అక్కడ నీటిమట్టం, ఉష్ణోగ్రత, ప్రాణవాయువు ప్రధానమవుతాయి. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు పూర్తి మట్టం 1091 అడుగులు, గేట్లు 42. మంజీర, హరిద్రలు గోదావరిలో కలిసే కందకుర్తి దాకా నిండుకాలంలో దీని వెనుకజలాలు వ్యాపిస్తాయి. ప్రవహించే నది నిలువనీటిగా మారే ఆ తోకభాగమే చేపల జీవనానికి అత్యంత కీలకం. బొచ్చె, రవ్వ వంటి పెద్దజాతి చేపలు సహజంగా నిలువనీటిలో గుడ్లు పెట్టవు. కొత్తనీరు ఎర్రగా, చల్లగా, వేగంగా రాగానే అవి ప్రవాహానికి ఎదురెక్కి, ముంపు అంచులలో సంతానోత్పత్తి చేస్తాయి. ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజి గేట్లు జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు తెరిచి ఉంచాలన్న నిబంధన రైతుల దృష్టిలో సాగునీటి విషయం. మత్స్యశాస్త్ర దృష్టిలో అది వరద సంకేతం చేపకు అందే మార్గం కూడా. ఆ దినాలలో ఎదురెక్కే తల్లిచేపలను వలవేసి పట్టడం వచ్చే ఏటి పంటను తుంచివేయడమే. ఈ సంకేతం లేనిచోట చేపలతో కృత్రిమంగా గుడ్లు పెట్టించే పద్ధతిని మత్స్యశాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి 1957 జులై 10న పీయూషగ్రంథి సారంతో సాధించారు. నేటి చేపపిల్లల ఉత్పత్తికి మూలం అదే.

ప్రాణవాయువు విషయం మరింత జాగ్రత్తగా గమనించదగ్గది. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 9.1 మిల్లీగ్రాములు కరగగలదు, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మాత్రమే. ఉప్పు పెరిగినా ఈ పరిమాణం తగ్గుతుంది. పగలు వృక్షప్లవకాలు కిరణజన్య సంయోగక్రియతో దానిని పెంచుతాయి. రాత్రి అవి కూడా శ్వాసిస్తాయి. అందువలన గాలిలేని మబ్బు దినాల తరువాతి తెల్లవారుజామున ప్రాణవాయువు కనిష్ఠస్థాయికి చేరి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అది మంచి వేటకు గుర్తుగా కొందరు భావిస్తారు, వాస్తవానికి అది చేపల ఆపద. గాలి వీచినప్పుడు పైనీరు కదిలి, గాలిలోని ప్రాణవాయువు కరిగి ఈ లోటు తీరుతుంది. వరదకాలపు ఆవిలత చేప చూపును మందగింపజేస్తుంది గనుక మొప్పలు చిక్కుకునే వలలు ఎర్రనీటిలో ఎక్కువ ఫలిస్తాయి. నీరు తేరుకున్నాక అదే వల చేపకు కనబడుతుంది. పసుపు ఆరబోసే ఆర్మూరు రైతు ఆకాశాన్ని చూచినంత శ్రద్ధతో జాలరి నీటి రంగును చూడవలసిందే.

ముఖద్వారానికీ ఈ జలాశయానికీ ప్రత్యక్షబంధం నీలకంఠ రొయ్యలో కనిపిస్తుంది. ఇది మంచినీటిలో పెరిగే జీవి. కాని దీని తొలిదశ పిల్లలకు లీటరుకు సుమారు 12 గ్రాముల ఉప్పుగల నీరు అవసరం. ప్రకృతిలో తల్లిరొయ్యలు ఆ ఉప్పు కోసమే ముఖద్వారానికి దిగుతాయి. తెలంగాణ జలాశయాలలో వదిలే రొయ్యపిల్లలు పెరిగి వలకు దొరుకుతాయి గాని, అక్కడ సంతతిని నిలుపుకోలేవు. మళ్లీ మళ్లీ ఉప్పునీటి తొట్లలో పెంచిన పిల్లలను తేవలసిందే. తెచ్చిన సంచులను వెంటనే విప్పక, ఎండ తగ్గిన సాయంత్రం జలాశయపు నీటిలో తేలనిచ్చి, రెండు నీళ్ల వేడి సమానమయ్యాక కొద్దికొద్దిగా జలాశయపు నీటిని లోనికి పోసి, అప్పుడు వదిలితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి.