ఐడ్లింగ్‌లో తడబాటు.. స్క్రూ తిప్పితే పోదు
పాత తేలికపాటి విమానాల ఇంజిన్‌లో లోపాన్ని గుర్తించే తీరు

బాటసింగారం: గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ తరలివచ్చిన బాటసింగారం పరిసరాల్లో ఆటోలు, లారీల రద్దీ ఎక్కువ. సిగ్నల్ వద్ద ఆటో ఇంజిన్ ‘మిస్సింగ్’ కొట్టి ఆగిపోతుంటే ఐడ్లింగ్ స్క్రూను ఒక పిసరు బిగించి నడిపించుకోవడం అందరికీ తెలిసిన ఉపాయం. విమానం విషయంలో అదే ఉపాయం ప్రాణాల మీదకు తెస్తుంది. దిగే వేళ పైలట్ థ్రాటిల్‌ను పూర్తిగా తగ్గిస్తాడు. అప్పుడు ఇంజిన్ ఆగిపోతే మళ్లీ పైకి లేచే అవకాశం ఉండదు. స్క్రూ బిగించి వేగం పెంచితే లోపం కనబడకుండా పోతుందే గానీ తొలగిపోదు. పైగా విమానం రన్‌వేపై త్వరగా కిందికి దిగక ముందుకు సాగిపోతుంది.

పుష్పక్ కాలం నాటి ఇంజిన్

నగరంలో బేగంపేట, ఎల్బీనగర్‌కు దక్షిణాన ఉన్న నాదర్‌గుల్ మైదానాలు చిన్న విమానాల శిక్షణకు వేదికలయ్యాయి. దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులలో ఒక తరం పైలట్లు నేర్చుకున్న విమానం పుష్పక్. బెంగళూరులోని హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ రూపొందించిన ఈ రెండు సీట్ల విమానం 1958లో తొలిసారి ఎగిరింది. దీనికి 90 అశ్వశక్తి గల కాంటినెంటల్ సి-90 ఇంజిన్ అమర్చారు. నాలుగు సిలిండర్లు, గాలితోనే చల్లబడే ఏర్పాటు, ఒక్కో సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ అందించే రెండు మాగ్నెటోలు దీని ప్రత్యేకత. బ్యాటరీ లేకున్నా ఇంజిన్ నడుస్తుంది. ఈ తరహా పాత ఇంజిన్లన్నింటికీ పరీక్ష క్రమం దాదాపు ఒక్కటే.

మొదట ఇంధనం

ట్యాంకు అడుగునుంచి కొద్దిగా పెట్రోలు గాజు పాత్రలోకి తీసి చూడాలి. నీరు చేరితే అడుగున విడిగా నిలుస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి వాడే ప్రైమర్ పంపును సరిగా బిగించకపోతే అదనపు పెట్రోలు లోపలికి కారుతూ నల్లటి పొగ, తడబాటు కలిగిస్తుంది. వానాకాలపు తేమ గాలిలో 25 డిగ్రీల వేడి ఉన్నా, థ్రాటిల్ తగ్గించినపుడు కార్బొరేటర్‌లో మంచు పేరుకోవచ్చు. వేడిగాలి మీట లాగితే మొదట తడబాటు పెరిగి, మంచు కరిగాక ఇంజిన్ కుదుటపడుతుంది.

ఆ తర్వాత మాగ్నెటోలు

ఒక్కో మాగ్నెటోపై విడివిడిగా ఇంజిన్‌ను నడపాలి. ఒకదానిపై మాత్రమే తడబడితే లోపం ఆ వైపు ప్లగ్గుల్లో, తీగల్లో లేదా ఆ మాగ్నెటోలోనే ఉంటుంది. ఆ మాగ్నెటోపైనే కాసేపు నడిపి, ఆపి, ఉష్ణోగ్రత కొలిచే పరికరంతో పొగగొట్టాలను పరీక్షించాలి. మిగతావాటికంటే చల్లగా ఉన్న సిలిండరే మండనిది. దాని ప్లగ్గును మరో సిలిండర్‌కు మార్చినపుడు లోపం కూడా వెంట వెళితే తప్పు ప్లగ్గుదే; అక్కడే ఉండిపోతే తీగను అనుమానించాలి.

ఈ ఇంజిన్లు 80 ఆక్టేన్ పెట్రోలుకు తగినట్లు తయారైనవి. తర్వాత వాడుకలోకి వచ్చిన నీలిరంగు 100 ఎల్ఎల్ పెట్రోలులో సీసం దానికంటే నాలుగు రెట్ల వరకు ఉండవచ్చు. తక్కువ వేగంలో ప్లగ్గు తగినంత వేడెక్కనందున ఆ సీసం కాలిపోక పేరుకుంటుంది. కింది వరుస ప్లగ్గులకు ఆయిల్ మురికి కూడా తోడవుతుంది.

గాలి దొంగలింపు

రెండు మాగ్నెటోలపైనా తడబాటు ఒకేలా ఉంటే నిప్పురవ్వను వదిలి గాలి, ఇంధనాల పాళ్లను చూడాలి. కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు వెళ్లే గొట్టాల రబ్బరు జాయింట్లు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి పగులుతాయి. థ్రాటిల్ మూసినపుడు ఆ గొట్టాలలో పీడనం బయటికంటే బాగా తక్కువ. అందువల్ల పగులు గుండా గాలి చొరబడి మిశ్రమాన్ని పలుచన చేస్తుంది. వేగం పెంచితే లోపలికి వెళ్లే గాలి మొత్తం పెరిగి ఆ దొంగగాలి లెక్కలోకి రాదు. ఫుల్ థ్రాటిల్‌లో బాగుండి, ఐడ్లింగ్‌లో మాత్రమే తడబడే ఇంజిన్‌లో అనేక సందర్భాల్లో కారణం ఇదే. జాయింట్ల వద్ద నీలిరంగు మరకలు మరో ఆనవాలు. మంచు లేని పొడి వాతావరణంలోనూ వేడిగాలి మీట లాగగానే ఇంజిన్ సర్దుకుంటే మిశ్రమం పలుచనైందని అర్థం. వేడిగాలి మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది.

ఇవన్నీ సరిగా ఉంటే చివరిగా సిలిండర్ల కంప్రెషన్, వాల్వులు, ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు పరీక్షించాలి. స్క్రూ వంతు వచ్చేది ఆ తర్వాతే.

ప్రొపెల్లర్‌తో జాగ్రత్త

ఇంటి స్విచ్చి తీగ ఊడితే దీపం ఆరిపోతుంది. మాగ్నెటో విషయం దీనికి విరుద్ధం. స్విచ్చి ఆఫ్ చేస్తే మాగ్నెటో భూమికి కలిసి చచ్చిపోతుంది. ఆ తీగ తెగితే స్విచ్చి ఆఫ్‌లో ఉన్నా అది బతికే ఉంటుంది. పాత విమానాలలో చాలావాటికి స్టార్టర్ ఉండదు. ప్రొపెల్లర్‌ను చేత్తోనే తిప్పాలి. మరమ్మతు వేళ దాన్ని కాస్త కదిపినా ఇంజిన్ ఒక్కసారిగా తిరిగి మనిషిని కొట్టే ప్రమాదముంది. అందుకే ఇంజిన్ ఆపే ముందు అతి తక్కువ వేగంలో స్విచ్చిని క్షణకాలం ఆఫ్ చేసి చూస్తారు. ఇంజిన్ చావబోతున్నట్లు కుంగాలి. అలా కుంగకపోతే మాగ్నెటో బతికే ఉన్నట్లు. ఎప్పుడైనా సరే, ప్రొపెల్లర్‌ను స్విచ్చి ఆన్‌లో ఉన్నట్లే భావించి దూరం పాటించాలి.

పని ముగిశాక డీజీసీఏ లైసెన్సు పొందిన ఇంజినీరు పరీక్షించి, లాగ్‌బుక్‌లో నమోదు చేసి సంతకం చేసిన తర్వాతే విమానం గాలిలోకి లేవాలి. ఏ లోపం కనబడింది, ఏ భాగం మార్చారు అన్న ఆ రెండు వాక్యాలు తర్వాత నడిపే పైలట్‌కు రక్ష.