రూపము మార్చు యంత్రపురుషుడు: నమూనా నిర్మాణము, పరీక్ష

కామరూపులు తలచినంతనే రూపము మార్చుకొందురని కథలలో విందుము. ప్లాస్టిక్ బొమ్మకు అట్టి మాయ లేదు. అది మనుష్యాకృతిని వదలి విమానము కావలెనన్న, ప్రతి అవయవము ఏదో యొక కీలుమీద తిరుగవలెను. ఎక్కడనో యొకచోట ఒదుగవలెను. ఒదిగినచోట కదలక నిలువవలెను. ఈ మూడును ఎట్లు జరుగునో తెలిసినగాని అట్టి బొమ్మ మంచిచెడ్డలు నిర్ణయింపరాదు.

ఈ విద్యకు జపాను దేశము ప్రసిద్ధి. 1982లో ప్రసారమైన ‘మాక్రాస్’ అను టెలివిజన్ చిత్రమాలకు షోజీ కవమోరి కల్పించిన వాల్కిరీ విమానము మూడు రూపములు ధరించును. 1985లో ఆరంభమైన ‘జీటా గండమ్’ లోని యంత్రపురుషునికి రెండు రూపములు. బందాయ్ సంస్థ ఈ జీటాను నూరవవంతు కొలతలో 1996లో కిట్టుగా వెలువరించి, 2005లో రెండవ కూర్పును తెచ్చినది. కథలో దాని యెత్తు తలవరకు 19.85 మీటర్లు, నమూనాలో సుమారు 20 సెంటీమీటర్లు. మన పరిశీలనకు దీనినే నిదర్శనముగ గైకొందము.

పెట్టెలో సిద్ధమైన బొమ్మ యుండదు. ప్లాస్టిక్ చట్టములకు అంటియున్న భాగములు, వరుస బొమ్మలతో నిర్మాణసూచిక యుండును. భాగములు రంగు ప్లాస్టిక్‌తోనే పోతపోసినవి. ఒకదానిలో నొకటి బిగియును గనుక జిగురు అక్కరలేదు. ప్రతి భాగమును రెండు కోతలలో విడదీయవలెను: మొదటి కోత కొంత ఎడముగ, రెండవది భాగము నానుకొని. ఒక్క కోతతో తెంచిన ప్లాస్టిక్ తెల్లబారును. మిగిలిన మొటికను చాకుతో చెక్కి ఉప్పుకాగితముతో నునుపు చేయవలెను. సాధారణమైన బొమ్మయందు ఆ మొటిక కంటికి మాత్రమే వెలితి. రూపము మార్చు బొమ్మయందు అది రెండు పలకల నడుమ చిక్కి మడతను పూర్తిగ మూయనీయదు. రాపిడి పడుచోట రంగు వేసినను ఇట్లే. రంగుపొర మొదట అడ్డగించును, పిమ్మట గీచుకొనిపోవును.

జీటా విమానమగునపుడు తల మొండెములోనికి దిగును. చేతులు లోపలికి ఒదుగును. కాళ్లు ముడుచుకొని వెనుకభాగమగును. వీపుననున్న పలకలు తిరిగి వచ్చును. చేతి డాలు క్రిందికి చేరి విమానమునకు ముందు మొనయగును. ఇందలి చిక్కు కీలు బిగువులో నున్నది. కీలు వదులైన మనుష్యరూపము కూలబడును. మిక్కిలి బిగువైన త్రిప్పునపుడు సన్నని చీల విరుగును. కొలత పెరిగినకొలది చిక్కు హెచ్చును. బొమ్మ అన్ని దిక్కుల రెట్టింపైన బరువు ఎనిమిది రెట్లగును. ఆ బరువు కీలునకు రెండింతల దూరమున వ్రేలాడును. కావున కీలుపై పడు మెలి పదునారు రెట్లగును. అందుచేత పెద్ద బొమ్మలకు రాపిడి ఒక్కటియే చాలదు. గాడులు, కొక్కెములు కావలెను.

ఇక పరీక్ష. వంద మార్కులు పెట్టితిమనుకొందము. మనుష్యరూపమునకు 20: ఆసరా లేక నిలుచునా? మోకాలు, మోచేయి చక్కగ వంగునా? విమానరూపమునకు 20: దీనిని క్రిందినుండి చూడవలెను, దాగవలసిన చేతులు అచ్చటనే బయటపడును. పట్టునకు 25: చేత బట్టి మెల్లగ కదలించిన పలకలు విడిపోరాదు. మార్పునకు 35: ఏ భాగమును ఊడదీయక రూపము మారునా? పదిమారులు మార్చిన పిదపను మొదటి బిగువే యుండునా?

మొదటి మూడింటిని కట్టిననాడే చూడవచ్చును. నాలుగవదానికి ఓపిక కావలెను. దానికే అధికముగ మార్కులిచ్చితిమి, ఏలయన ఇంత సొమ్ము పోసి ఇట్టి బొమ్మను కొనుట మార్పు కొరకే గదా! పెట్టెమీది చిత్రము రెండు రూపములను చూపునే గాని నడిమి త్రోవను చూపదు. జీటా 2005 కూర్పు ఒక భాగమునకు బదులు వేరొకటి పెట్టకయే రూపము మార్చును. పదిమారుల తరువాతి బిగువు మాత్రము కట్టినవాని చేతినేర్పును బట్టియు నుండును.

దీనికి వేరొక మార్గమును కలదు. హసెగావా సంస్థ వాల్కిరీ నమూనాలను కిట్టునకు ఒక్క రూపముగనే చేసినది. కీళ్ల చిక్కు తగ్గుటచే ఆకృతి మిక్కిలి తీరుగ నుండును. అలంకరణకు బొమ్మను కోరువారికి అదియే మేలు. యంత్రము నడుపు తెలియగోరువారికి జీటా వంటిదే కావలెను.

పొరుగు రాష్ట్రములలో తెలుగు చదువు బాలబాలికలకు ఇందు మరియొక లాభము కలదు. సూచిక చాలవరకు బొమ్మలతోనే నడచును. కావున చేయుచున్న పనిని చెప్పుటకు మాటలు తామే వెదకుకొనవలెను. కీలు, చీల, గాడి, ఇరుసు, మడత, బిగువు, వదులు—ఇవి వడ్రంగి కొట్టములో, బండి చక్రమువద్ద వాడిన మాటలు. పుస్తకమున చదివి మరచునట్టివి, చేతితో త్రిప్పి చూచినపుడు మనసున నిలుచును. కనుక బొమ్మ కట్టిన పిల్లవానిని “బాగున్నదా?” అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. “ఎచ్చట వదులైనది? ఏల?” అని అడుగవలెను, జవాబును తెలుగులో చెప్పనీయవలెను.