వేరువేరు చేతులు - ఒకే తడబాటు

ఉత్తరపత్రములు దిద్దు ఉపాధ్యాయులకు ఒక అనుభవము తప్పక కలుగుచుండును. రెండు పత్రములలో ఒకే లెక్క ఒకే విధముగా తప్పినచో, ఒకరిని చూచి మరియొకరు వ్రాసిరేమో యని మొదట అనుమానము తోచును. ఆ యిద్దరును వేరువేరు ఊళ్లలో పరీక్ష వ్రాసినవారని తెలిసినప్పుడు ఆ యనుమానము తొలగి, లెక్కలోనే కాలు జారు చోటొకటి యున్నదని బోధపడును. కంప్యూటరు శాస్త్రములో ఈ సత్యమును ప్రయోగముచే నిరూపించి, అందులకై వాదములను గూడ ఎదుర్కొన్నవారిలో ఒకరు నాన్సీ లెవెసన్.

ఆమె 1980 లో లాస్ ఏంజిలిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, ఇర్వైన్‌లోని విశ్వవిద్యాలయమున అధ్యాపకురాలైరి. విమానములను, వైద్యయంత్రములను నడపు సాఫ్ట్‌వేరును ఎంతవరకు నమ్మవచ్చును? ఇదియే ఆమె జీవితకాల పరిశోధనకు మూలప్రశ్న.

ఆ దినములలో ఒక ఉపాయము ప్రచారములో నుండెను. ఒకే పనికి పలువురిచేత, ఒకరితో నొకరికి సంబంధము లేకుండ, ప్రోగ్రాములు వ్రాయింపవలెను. వానిలో అధికసంఖ్య ఏ సమాధానము నిచ్చునో దానినే గ్రహింపవలెను. వేరుగా వ్రాసినవారు వేరువేరు చోట్లనే తప్పుదురను నమ్మకమే దీనికి పునాది. ఆ నమ్మకమును పరీక్షింప లెవెసన్, వర్జీనియా విశ్వవిద్యాలయపు జాన్ నైట్ పూనుకొనిరి. రెండు విశ్వవిద్యాలయముల విద్యార్థులచే 27 ప్రోగ్రాములు వ్రాయించి, ఒక్కొక్కదానిని పది లక్షలసార్లు పరీక్షించిరి.

విద్యార్థుల పనితనము తక్కువది కాదు. ఆరు ప్రోగ్రాములు ఒక్కమారైనను తప్పలేదు. 23 ప్రోగ్రాములు నూటికి 99.9 కంటె ఎక్కువ పాళ్లు సరిగా పనిచేసినవి. ఐనను 1,255 పరీక్షలలో ఒకటికంటె ఎక్కువ ప్రోగ్రాములు ఒక్కమారే తప్పినవి. తప్పులు నిజముగా పరస్పర సంబంధము లేనివైనచో ఇన్ని మారులు కలసి రావు. సమస్యలోని కఠినభాగమే పలువురిని ఒకే చోట తడబడజేసినది. 1986 లో ఈ ఫలితము వెలువడగానే ఆక్షేపణలు చెలరేగినవి. నైట్, లెవెసన్ 1990 లో వానికి సమాధానము ప్రకటించిరి.

ఇది పండితుల వాదము మాత్రమే కాదు. 1985 - 87 మధ్య, అమెరికా కెనడాలలో థెరాక్-25 అను కిరణచికిత్సా యంత్రము ఆరుగురు రోగులకు మితిమీరిన కిరణములను ప్రసరింపజేసెను. వారిలో కొందరు మరణించిరి. పూర్వపు నమూనాలో ప్రమాదమును ఆపుటకు ప్రత్యేక యాంత్రికసాధనము లుండెడివి. ప్రోగ్రామును నమ్మి, క్రొత్త నమూనాలో వానిని తొలగించిరి. పూర్వపు యంత్రపు ప్రోగ్రాములోను అట్టి దోషమే యుండెను గాని, ఆ సాధనములు దానిని హాని చేయనీయలేదు. యంత్రము నడపువారు వేగముగా అక్షరములు సవరించినపుడు ఒక దోషము బయటపడినది. ఆ పిమ్మట వేరొక దోషమువలన మరియొక ప్రమాదము కలిగినది.

లెవెసన్ తన శిష్యుడగు క్లార్క్ టర్నర్‌తో కలసి ఈ ప్రమాదములను శోధించి, 1993 లో వ్యాసము ప్రకటించిరి. ఒక్క తప్పును వెదకి దిద్దినంతమాత్రమున యంత్రము క్షేమకరము కాదని, దానిని నిర్మించిన పద్ధతినే పరిశీలింపవలెనని ఆ వ్యాససారము. పిదప 1995 లోను 2011 లోను వెలువడిన గ్రంథములలో ఆమె ఈ భావమునే విస్తరించిరి.

తప్పిన లెక్కకు ఎఱ్ఱగీత గీయుట సులభము. పలువురు అచ్చటనే ఏల తప్పిరని యడుగుట కష్టము. ఆ రెండవ ప్రశ్నను విడువక యడిగినవారి వలననే, రోగి యంత్రము క్రింద నిశ్చింతగా పరుండగలుగును.