బీరువా అంత వాయిద్యం... వెనక వరసలో నేను!

వీడియో కాల్‌లో మొదటిసారి చూపించినప్పుడు అమ్మ కంగారుపడింది. ‘‘ఏంట్రా అది, బీరువా అంత ఉంది! ఆ గదిలో ఇంక నీకు చోటెక్కడ?’’ అని.

దాని పేరు డబుల్ బేస్. నిలబెడితే దాదాపు ఆరడుగులు. నాకంటే పొడుగు. ‘‘వయొలిన్‌కి పెదనాన్న లాంటిదమ్మా’’ అన్నా. ‘‘చిన్నప్పుడు వయొలిన్‌లో చేర్పిస్తే రెండేళ్లకే మానేశావ్. ఇప్పుడు దాని పెదనాన్నని తెచ్చుకున్నావా?’’ అంది.

మాది కాకినాడ. ఇంజినీరింగ్ అయ్యాక ఎమ్మెస్ కోసం అమెరికాలోని నార్త్ కరోలినాకి వచ్చా. రాలీ పక్కనే ఉండే కేరీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ఇక్కడ మనవాళ్లు బోలెడుమంది, వేంకటేశ్వరస్వామి గుడి కూడా ఉంది. అయినా వర్క్ ఫ్రమ్ హోమ్ మొదలయ్యాక నా మాటలన్నీ మీటింగులకే పరిమితమైపోయాయి. ఓ శుక్రవారం రాత్రి లెక్కేసుకుంటే, మూడు రోజులుగా ఒక్క మనిషిని కూడా ఎదురుగా చూడలేదు!

ఆ తర్వాతి మంగళవారం కాఫీ తాగుదామని బయటికెళ్తే, ఆ షాపులో పదిమంది గుండ్రంగా కూర్చుని పాటలు వాయిస్తున్నారు. అది బ్లూగ్రాస్ జామ్.

డ్రమ్స్ లేని బ్యాండ్

బ్లూగ్రాస్ అంటే అమెరికా పల్లెపట్టు సంగీతం. కెంటకీకి చెందిన బిల్ మన్రో తన బృందానికి ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ అని పేరు పెట్టుకున్నాడు. ఈ సంగీతానికి ఆ పేరు అలా వచ్చిందే. 1945లో అందులో చేరి బాంజోని మూడు వేళ్లతో మోత మోగించిన ఎర్ల్ స్క్రగ్స్‌ది మా నార్త్ కరోలినానే. ‘వరల్డ్ ఆఫ్ బ్లూగ్రాస్’ ఉత్సవం కూడా 2013లో రాలీకి వచ్చి, 2024 దాకా ఇక్కడే జరిగింది.

గిటార్, బాంజో, ఫిడిల్, మాండలిన్, బేస్... ఇంతే. మాండలిన్ అంటే మనకి పాలకొల్లు శ్రీనివాస్ గారు గుర్తొస్తారు కదా, ఇక్కడ దాని పని వేరు. మామూలుగా ఈ సంగీతంలో డ్రమ్స్ ఉండవు. నాలుగు దెబ్బల్లో ఒకటి, మూడు బేస్ వేస్తుంది. రెండు, నాలుగు మాండలిన్ ‘చక్, చక్’మని నొక్కుతుంది. ఆ రెండూ కలిస్తేనే తాళం.

వరసగా నాలుగు వారాలు వెళ్లి మూల కూర్చునేసరికి, బేస్ వాయించే పెద్దాయన నన్ను పిలిచాడు. డెబ్బై ఏళ్లుంటాయి. స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యాడు. ‘‘నా భుజం పనిచేయట్లేదు. బాంజో వాయించేవాళ్లు ముగ్గురున్నారు, బేస్‌కి మాత్రం ఎవరూ దొరకరు. నేర్చుకుంటావా?’’ అన్నాడు. వయొలిన్లు అమ్మే షాపులో నెల అద్దెకి ఒక బేస్ తెచ్చుకున్నా. కారు సీట్లన్నీ మడిస్తే గానీ పట్టలేదు.

స, మ, ప దొరికింది!

నాలుగు తీగలు. అన్నిటికంటే లావుది సెకనుకి 41 సార్లే కంపిస్తుంది. కుడిచేతి చూపుడువేలి పక్కభాగంతో లాగాలి. మొదటి రెండు వారాలూ బొబ్బలే, కీబోర్డు ముట్టుకుంటే మంట. గిటార్‌కి ఉన్నట్టు మెట్లుండవు కాబట్టి ఎడమచెయ్యి కాస్త జరిగినా అపస్వరమే.

అసలు కష్టం అంకెలతో వచ్చింది. జామ్‌లో ఎవరో ‘‘జీ లో, ఒకటి, నాలుగు, అయిదు’’ అంటారు. పాట మొదలైపోతుంది! నాకేమీ అర్థమయ్యేది కాదు. ఒకరోజు ఇంట్లో సాధన చేస్తుంటే బుర్రలో లైటు వెలిగింది. ఒకటి అంటే స, నాలుగు అంటే మ, అయిదు అంటే ప. చిన్నప్పుడు మానేసిన పాఠమే! పైగా బేస్ ఎక్కువగా వేసేది స-ప, స-ప. కచేరీలో వెనక తంబూరా చేసే పనే, కాకపోతే దీనికి తాళం కూడా మొయ్యాలి.

‘‘నిన్నెవరూ పట్టించుకోవట్లేదంటే బాగా వాయిస్తున్నట్టే’’ అనేవాడు పెద్దాయన.

51 రోజులు

ఏడాది గడిచాక మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోపు కొత్తది దొరక్కపోతే పెట్టే సర్దుకోవాలి. ఖర్చుల లిస్టు రాసి, మొదట కొట్టేసింది బేస్ అద్దె. ఆ మంగళవారం చివరిసారి వాయించి చెప్పేద్దామని వెళ్లా.

రెండో పాటలోనే తేడా కొట్టింది. టెన్షన్‌లో నాకు తెలీకుండానే వేగం పెంచేశా. నా వెనకే గిటార్, దాని వెనక బాంజో పరిగెత్తాయి. ఫిడిల్ ఆవిడ అందుకోలేక ఆగిపోయింది. పాట కుప్పకూలింది. ఎవరూ తిట్టలేదు. పెద్దాయన వచ్చి నా పక్కన నిలబడి, పాదంతో నేలమీద తడుతూ ‘‘మళ్లీ మొదలెట్టు’’ అన్నాడు. ఈసారి చివరిదాకా నిలబెట్టా.

తర్వాత విషయం చెప్పా. వాళ్లలో చాలామందికి వీసా గొడవలేవీ తెలీవు. అంతా విని, పెద్దాయన తన సొంత బేస్ నా కారులోకి ఎక్కించాడు. ‘‘నా ఇంట్లో మూల పడుంది. నువ్వు ఈ ఊళ్లో ఉన్నంతకాలం నీ దగ్గరుండనీ’’ అన్నాడు.

51వ రోజు ఆఫర్ వచ్చింది. కొత్త కంపెనీ గడువులోపే పిటిషన్ వేసింది. బేస్ వల్ల ఉద్యోగం వచ్చిందని చెప్పను, ఇంటర్వ్యూలకి రాత్రుళ్లు కూర్చుని చదివితేనే వచ్చింది. కానీ ఆ ఏడు వారాలూ ‘ఇంకా రాలేదేంటి’ అని నాకోసం చూసే మనుషులు మంగళవారం మంగళవారం ఉన్నారు.

మీకూ బేస్ ఎలా ఉంటుందో తెలియాలంటే ఇళయరాజా పాట ఒకటి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. గొంతు వదిలేసి, కింద నడిచే బేస్ గిటార్ వెంటే వెళ్లండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు. అంత కింది స్వరాలు ఆ చిన్న స్పీకర్ పలకలేదు.

ఇది నాకు అమ్మవల్లే గుర్తొచ్చింది. మా జామ్ వీడియో పంపితే ‘‘అందరివీ వినపడుతున్నాయి, నీది తప్ప’’ అని మెసేజ్ పెట్టింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమన్నా. పది నిమిషాలకి ఫోన్ చేసింది.

‘‘ఆఁ, వినపడింది నాన్నా. కాస్త గట్టిగా వాయించొచ్చుగా!’’