పక్కవాళ్ల మెంబర్‌షిప్ మీద మన వ్యాపారం నడుస్తుందా?

జీడిమెట్లలో లేత్ మిషన్లు, ప్లాస్టిక్ మౌల్డింగ్, ప్యాకింగ్ షెడ్లు నడుపుకునేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అద్దె, కరెంటు బిల్లు, జీతాలు పోగా మిగిలేది కొంచెమే. అందుకే వాణిజ్య సంఘం ఫీజు మాట వచ్చినప్పుడు "ఫలానా భాయ్‌కి మెంబర్‌షిప్ ఉంది కదా, దాని మీదే కానిచ్చేద్దాం" అనుకుంటాం. ఇందులో ఏది కుదురుతుంది, ఏది కుదరదు?

ఒక్క మాటలో చెప్పాలంటే, ఖర్చు పంచుకోవచ్చు. పేరు పంచుకోలేం.

ఖర్చు పంచుకోవడం ఎలాగో జీడిమెట్లలోనే కనిపిస్తుంది. ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు కట్టడం ఒక్కో చిన్న యూనిట్‌కు అయ్యే పని కాదు. అందుకే యూనిట్లు కలిసి జీడిమెట్ల ఎఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్ లిమిటెడ్ అనే కంపెనీ పెట్టుకున్నాయి. 1989లో ఆ ఉమ్మడి ప్లాంటు మొదలైంది. ఎంత నీరు పంపారు, అందులో కాలుష్యం ఎంత అన్నదాన్ని బట్టి ఎవరి బిల్లు వారికే. ప్లాంటు అందరిదీ. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి మాత్రం ఏ ఫ్యాక్టరీకి ఆ ఫ్యాక్టరీ తీసుకోవాల్సిందే.

సంఘాల్లోనూ ఇలాంటి దారి ఉంది. 1917లో పుట్టిన ఎఫ్‌టీసీసీఐ, అంటే తెలంగాణ వాణిజ్య పరిశ్రమల సమాఖ్యలో, కంపెనీలే కాదు, సంఘాలు కూడా సభ్యులుగా చేరతాయి. చిన్న యూనిట్ తన స్థానిక సంఘంలో చేరితే, ఆ సంఘం ద్వారా తన గోడు పైదాకా చేర్చవచ్చు.

అసలు చిక్కు ఎగుమతుల దగ్గర వస్తుంది. ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ ఇచ్చే ఆర్‌సీఎంసీ సర్టిఫికెట్ ఎవరి ఐఈసీ నంబరు మీద ఉంటే వాళ్లకే చెల్లుతుంది. మన సరుకును వాళ్ల సొంత సరుకులా పంపిస్తే, విదేశం నుంచి వచ్చే డబ్బు కూడా వాళ్ల ఖాతాలోనే పడుతుంది. రేపు తేడా వస్తే మన చేతిలో కాగితం ముక్క ఉండదు.

దీనికి చట్టబద్ధమైన దారి మర్చెంట్ ఎక్స్‌పోర్టర్. మనం బిల్లు రాసి అతనికి సరుకు అమ్ముతాం, అతను ఎగుమతి చేస్తాడు. అతనికి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండి, మిగతా షరతులు కూడా పాటిస్తే మన బిల్లుపై జీఎస్టీ 0.1 శాతమే. అయితే బిల్లు తేదీ నుంచి 90 రోజుల్లో సరుకు దేశం దాటాలి. దాటకపోతే రాయితీ పోయేది మనకే, పూర్తి పన్ను కట్టాల్సిందీ మనమే. కాబట్టి షిప్పింగ్ బిల్లు కాపీ అడిగి తీసుకోండి. మొహమాటపడొద్దు.

మన సొంత పేరు మీద ఉండాల్సిన ఇంకో కాగితం ఉద్యమ్ రిజిస్ట్రేషన్. దానికి ఫీజు లేదు. సూక్ష్మ, చిన్న యూనిట్ల సరుకు తీసుకున్నవాళ్లు, ఒప్పందం ఎలా ఉన్నా, 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఆ హక్కు అడగాలంటే ఈ రిజిస్ట్రేషన్ కావాలి.

నలుగురు కలిసి గోడౌన్, అకౌంటెంట్, ఎగ్జిబిషన్ స్టాల్ ఖర్చు పంచుకోండి, తప్పు లేదు. ఎవరి వాటా ఎంతో ముందే రాసి సంతకాలు పెట్టుకోండి. అన్నదమ్ముల మధ్య అయినా సరే.