నైలు మొగలో పన్నిన ఉచ్చు

ఈజిప్టులో లక్సర్ ఊరికి ఎదురుగా, నైలు నదికి పడమటి గట్టున మెదినెట్ హబు అనే ఆలయం ఉంది. మూడో రామ్సెస్ అనే ఫారో కట్టించినది. దాని ఉత్తరపు గోడ మీద, బయటివైపు, పడవల యుద్ధం ఒకటి చెక్కి ఉంది. ప్రపంచంలో మిగిలిన అతి పాత నౌకాయుద్ధ చిత్రాల్లో ఇదొకటి.

అది క్రీ.పూ. 1175 ప్రాంతం. రామ్సెస్ గద్దెనెక్కి ఎనిమిదో ఏడు. మధ్యధరా తూర్పు తీరంలో రాజ్యాలు ఒకదాని వెనక ఒకటి కూలిపోతున్నాయి. హిట్టైట్ సామ్రాజ్యం పోయింది. నేటి సిరియా తీరంలోని ఉగారిట్ రేవు కాలిపోయింది. ఆ ఊరి చివరి రాజు అమ్మురాపి సైప్రస్ రాజుకు రాసిన మట్టిపలక జాబు ఒకటి దొరికింది. శత్రువుల ఓడలు ఏడు వచ్చి తన ఊళ్ళు తగలబెట్టాయని, తన సైన్యమూ ఓడలూ వేరే దేశాల్లో ఉన్నాయని అందులో మొరపెట్టుకున్నాడు. ఏడంటే ఏడే ఓడలు. కాపలా లేని తీరానికి అవి చాలు.

వచ్చినవాళ్ళను చరిత్రకారులు ‘సముద్ర జనాలు’ అంటారు. ఈజిప్టువాళ్ళు మాత్రం పెలెసెట్, చెకెర్, షెకెలెష్, దెన్యెన్, వెషెష్ అని తెగల పేర్లతోనే రాశారు. గుడ్డిగా దోచుకుపోయే ముఠా అనుకుంటే పొరపాటే. అదే ఆలయంలో మెట్టమీది యుద్ధం చెక్కిన శిల్పంలో ఎడ్లబండ్లున్నాయి, వాటిలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. కొందరైనా కాపురం ఉండటానికే బయల్దేరారన్నమాట.

రామ్సెస్ రెండు వైపులా కాచాడు. మెట్టదారిన వచ్చేవాళ్ళను ఆపడానికి ఈశాన్య సరిహద్దుకు సైన్యాన్ని పంపాడు. నీటిదారిన వచ్చేవాళ్ళ కోసం నడిసముద్రంలోకి వెళ్ళలేదు. అతని తెలివంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. నైలు పాయలు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఓడలను గోడలా నిలిపి, గట్ల మీద విలుకాళ్ళను దించాడు. నడిసముద్రంలో ఓడకు ఎటైనా తప్పుకునే చోటుంటుంది. మొగలోకి వచ్చాక రెండు పక్కలా నేలే.

ఇప్పుడు గోడ మీది పడవలను దగ్గరగా చూద్దాం. ఈజిప్టు పడవ అణియానికి సింహం తల, దాని నోట్లో ఒక మనిషి తల. పక్కల్లో వరసగా తెడ్లు. తెడ్లు వేసేవాళ్ళకు దెబ్బ తగలకుండా పొడవునా ఎత్తయిన అంచు కట్టారు. తెరచాప కొయ్య చివర ఉన్న బుట్టలో ఒకడు నిలబడి వడిసెల విసురుతున్నాడు. శత్రువుల పడవలకు రెండు కొసలా పక్షి తలలు. తెరచాపలు ముడిచి ఉన్నాయి, తెడ్లు ఒక్కటీ కనబడవు. శిల్పి చూపించింది నిజమైతే, వాళ్ళు పట్టుబడినప్పుడు కదల్లేని స్థితిలో ఉన్నారు.

ఆయుధాల తేడా కూడా చూడాలి. శత్రువుల చేతుల్లో కత్తులు, బల్లేలు, గుండ్రటి డాళ్ళు. అవి పనికిరావాలంటే పడవకు పడవ ఆనాలి. ఈజిప్టువాళ్ళవి దూరాన్నించే తగిలే విళ్ళు. పడవల్లోంచీ గట్టు మీదనుంచీ బాణాలు కురిశాక, కొక్కేలు విసిరి శత్రువుల పడవలను లాగారు. ఒకటి బోల్తా పడింది, శవాలు నీళ్ళలో తేలుతున్నాయి. ఈ గోడ రాజు తన గొప్ప కోసం చెక్కించుకున్నది. శత్రువులు చెప్పిన కథ మనకు చేరలేదు. అందుకే ఎంతమంది చచ్చారన్న లెక్కల జోలికి నేను పోను.

ఇందులో విచిత్రమొకటి ఉంది. కొమ్ముల శిరస్త్రాణం పెట్టుకున్న షెర్డెన్లు కూడా సముద్ర జనాల్లో ఒక తెగే, కానీ వాళ్ళు ఫారో సైన్యంలోనూ కనిపిస్తారు. వందేళ్ళ ముందు రెండో రామ్సెస్ ఆ సముద్రపు దొంగలను పట్టి, చంపకుండా తన కొలువులో పెట్టుకున్నాడు. క్రీ.పూ. 1274లో కదేష్ యుద్ధంలో వాళ్ళు అతని పక్షాన నిలిచారు. మూడో రామ్సెస్ కూడా చెరపట్టినవాళ్ళను కోటల్లో ఉంచి, బట్టలూ ధాన్యమూ ఇప్పించానని చెప్పుకున్నాడు.

ఈజిప్టు నిలబడింది. కానీ కొన్ని దశాబ్దాల్లోనే కనాను మీద దాని పట్టు జారిపోయింది. ఓడిపోయిన పెలెసెట్లు గాజా, అష్కెలోన్ తీరంలో స్థిరపడ్డారు. పాలస్తీనా అనే పేరు వాళ్ళ నుంచి వచ్చిందే.