గలగలమనే బంతి... గెలిపించే చేతులు!

క్రికెట్ ఆడాలంటే కన్ను చురుగ్గా ఉండాలంటారు. మరి ఆ కన్నే కనిపించకపోతే? 'బంతిలో నాలుగు ఇనుప గుళ్లు వేద్దాం, చెవితో ఆడతారు' అన్నారు కొందరు. అన్నట్టే ఆడించారు. ప్రపంచకప్‌లు కూడా గెలిపించారు. ఆ ఆట గురించీ, దాన్ని నిలబెట్టినవాళ్ల గురించీ...

2025 నవంబరు 2న హర్మన్‌ప్రీత్ కౌర్ జట్టు వన్డే ప్రపంచకప్ గెలిచినప్పుడు దేశమంతా టీవీల ముందే ఉంది. సరిగ్గా మూడు వారాల తర్వాత, నవంబరు 23న, కొలంబోలో మన అమ్మాయిలే మరో ప్రపంచకప్ గెలిచారు. అంధ మహిళల కోసం తొలిసారి నిర్వహించిన టీ20 ప్రపంచకప్ అది. దీపిక సారథ్యంలోని మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఫైనల్‌కు చేరి, నేపాల్‌ను ఏడు వికెట్ల తేడాతో ఓడించింది. ఆ జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు మన్యం నుంచి వెళ్లిన పాంగి కరుణ కుమారి కూడా ఉంది.

చూపు లేని పిల్ల బ్యాటు ఎలా పడుతుంది? వచ్చే బంతిని ఎలా కొడుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు ఒక్కరు కనిపెట్టింది కాదు. వందేళ్లుగా ఎందరో తలా ఒక చెయ్యి వేస్తే తయారైంది.

డబ్బాలో రాళ్లు

1922. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు అంధ కార్మికులు ఓ రేకు డబ్బాలో రాళ్లు వేసి దొర్లించారు. డబ్బా చప్పుడు చేసింది. ఆ చప్పుడు ఎటు నుంచి వస్తే అటు కొట్టారు. అంధుల క్రికెట్ అలా మొదలైందని చెబుతారు. 'ఇద్దరు కార్మికులు' అనే తప్ప వాళ్ల పేర్లు ఎవరి నోటా వినిపించవు.

ఆట దేశాలు దాటింది. కానీ ఒక్కో దేశానిది ఒక్కో బంతి. ఇంగ్లండ్‌లో గుళ్లు నింపిన చిన్న ఫుట్‌బాల్‌తో ఆడేవారు. మన దగ్గర గట్టి ప్లాస్టిక్ బంతి, దాని లోపల సైకిల్ చక్రంలో ఉండేలాంటి ఇనుప గుళ్లు. ఎవరి పద్ధతి వారిదైతే దేశాల మధ్య పోటీ జరిగేదెలా?

డెహ్రాడూన్‌లో పడిన బీజం

ఆ ముడి విప్పడానికి పూనుకున్న వ్యక్తి జార్జ్ అబ్రహాం. పది నెలల వయసులో మెనింజైటిస్ వచ్చి ఆయన చూపు దెబ్బతింది. అయినా మామూలు బడిలోనే చదువుకుని, ప్రకటనల రంగంలో ఉద్యోగం చేశారు. 1980ల చివర్లో డెహ్రాడూన్‌లోని అంధుల విద్యాసంస్థకు వెళ్లినప్పుడు, అక్కడి కుర్రాళ్లు వేళాపాళా లేకుండా క్రికెట్ ఆడటం గమనించారు. చూపు లేని పిల్లల్లో ఇంత హుషారు ఉంటే దానికో వేదిక ఎందుకు ఉండకూడదు అనుకున్నారు. 1990లో ఢిల్లీలో జాతీయ స్థాయి పోటీలు పెట్టించారు. 1996లో ఢిల్లీలోనే ప్రపంచ అంధుల క్రికెట్ మండలి ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షుడు ఆయనే. 1998లో ఏడు దేశాలతో తొలి ప్రపంచకప్ ఢిల్లీలో జరిగింది. దక్షిణాఫ్రికా గెలిచింది.

నిబంధనలే అసలు తెలివి

ఈ ఆట నిబంధనలు చూస్తే ముచ్చటేస్తుంది. ఆటగాళ్లు మూడు రకాలు. బొత్తిగా చూపు లేనివాళ్లు బి1. కాస్త కనిపించేవాళ్లు బి2, ఇంకాస్త ఎక్కువ కనిపించేవాళ్లు బి3. పదకొండు మందిలో కనీసం నలుగురు బి1 ఆటగాళ్లు ఉండి తీరాలి. వాళ్లు కొట్టిన ప్రతి పరుగూ రెండు పరుగుల లెక్క. వాళ్లు బ్యాటింగ్ చేస్తుంటే వేరొకరు పరుగెడతారు. ఒకసారి నేలను తాకిన బంతిని బి1 ఫీల్డర్ పట్టుకున్నా క్యాచే!

బౌలింగ్ కింది చేత్తోనే. బౌలర్ 'రెడీ?' అని అడగాలి, బ్యాట్స్‌మన్ 'ఎస్' అనాలి, అప్పుడు 'ప్లే' అని అరిచి వేయాలి. బంతి పిచ్ సగం దాటకముందే నేలను తాకాలి. లేకపోతే చప్పుడు వినపడదు కదా! నేలబారుగా వస్తుంది కాబట్టి మోకాలు వంచి కొట్టే స్వీప్ ఇక్కడ అందరి ఆయుధం. స్టంపులు లోహపు గొట్టాలు. తగిలితే ఖంగుమంటాయి. బంతి దొర్లుతున్నంతసేపూ ప్రేక్షకులు చప్పట్లు కొట్టకూడదు.

ఇందులో జాలి ఎక్కడా లేదు. తక్కువ కనిపించేవాడిని పక్కన కూర్చోబెట్టకుండా, వాడు లేకపోతే జట్టే లేదనేలా రాసిన లెక్క ఇది.

తెర వెనుక

నిబంధనలు రాస్తే సరిపోదు. మైదానం కావాలి, బంతులు కావాలి, రైలు టికెట్లు కావాలి. బెంగళూరులో ఆ భారం తలకెత్తుకున్నది 'సమర్థనం' సంస్థ. పసితనంలోనే చూపు కోల్పోయిన మహంతేష్, తనలాంటి మిత్రుడు నగేష్‌తో కలిసి 1997లో దాన్ని ప్రారంభించారు. భారత అంధుల క్రికెట్ సంఘాన్ని భుజాన మోస్తున్నదీ ఈ సంస్థే. ప్రధానంగా దాతల చేయూతతోనే శిబిరాలు, పోటీలు నడుస్తూ వచ్చాయి.

ఇంకా కిందికి వస్తే పేర్లు కూడా బయటికి రానివాళ్లు కనిపిస్తారు. అంధుల పాఠశాలల్లో బడి అయ్యాక పిల్లల్ని మైదానానికి తీసుకెళ్లే మాస్టార్లు. కొత్త ఊళ్లో పిల్లల చెయ్యి పట్టుకుని రైలెక్కించే, దించే కుర్రాళ్లు. సెలవురోజు పొద్దున్నే వచ్చి అంపైరింగ్ చేసేవాళ్లు, స్కోరు రాసేవాళ్లు. 'ఆడపిల్ల, పైగా చూపు లేదు, ఎక్కడికి పంపుతాం?' అనే తల్లిదండ్రుల ముందు కూర్చుని నచ్చజెప్పే టీచర్లు. వాళ్లు ఒప్పించకపోతే ఏ అమ్మాయీ కొలంబో దాకా వెళ్లేది కాదు.

పల్నాడు నుంచి ప్రపంచకప్‌కు

ఈ శ్రమకు ఫలం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ అజయ్ కుమార్ రెడ్డి. సొంతూరు పల్నాడులోని గురజాల ప్రాంతం. చిన్నతనంలో జరిగిన ప్రమాదం చూపును దెబ్బతీసింది. నరసరావుపేటలోని అంధుల పాఠశాలలో చేరాకే ఈ ఆట పరిచయమైంది. ఆయన నాయకత్వంలోనే భారత్ 2017లో టీ20 ప్రపంచకప్, 2018లో వన్డే ప్రపంచకప్ గెలిచింది. ఫైనల్లో రెండుసార్లూ పాకిస్థాన్‌పైనే! 2023 సంవత్సరానికి అర్జున పురస్కారం అందుకున్నారు. అంతకుముందు 2012 టీ20, 2014 వన్డే ప్రపంచకప్‌లు గెలిపించిన కర్ణాటక ఆటగాడు శేఖర్ నాయక్‌కు 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆలస్యంగానైనా ఆటగాళ్లకు గుర్తింపు దక్కింది. సంతోషమే. మరి అజయ్ చేతికి తొలిసారి గలగలలాడే బంతి ఇచ్చిన బడి? కరుణలాంటి అమ్మాయిలకు నేల మీద పడి ఫీల్డింగ్ చేయడం నేర్పినవాళ్లు? స్కోరుబోర్డు మీద వాళ్లకు చోటుండదు. పతకం తెచ్చినరోజు సన్మానాలు చేసే ఊళ్లు, పతకం రాకముందు ఓ గంట మైదానం ఇచ్చినా, నాలుగు బంతులు కొనిచ్చినా వాళ్లకు అదే పెద్ద గౌరవం.

మీ వీధిలోనూ చూపు సరిగా లేని పిల్లాడో, పిల్లో ఉండొచ్చు. తోటివాళ్లు ఆడుతుంటే అరుగు మీద కూర్చుని స్కోరు వింటూ ఉండొచ్చు. దగ్గర్లోని అంధుల పాఠశాలలో క్రికెట్ నేర్పుతున్నారేమో కనుక్కుని, ఆ తల్లిదండ్రులకు ఒక్క మాట చెప్పి చూడండి. ఆ బిడ్డను అరుగు మీంచి దించి మైదానంలోకి నడిపించే తొలి వాలంటీరు మీరే కావచ్చు!